స్క్రీన్ రిజల్యూషన్ పెంచితే వైఫై పోతోంది: కొత్తవాడ జంపఖానా దుకాణంలో ఒక కేసు

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేయించి అమ్మే ఒక దుకాణం నుంచి వచ్చిన కంప్లయింట్ ఇది. మా రిజిస్టర్‌లో రాసుకున్నది ఒక్క ముక్కే: "డిజైన్ కంప్యూటర్‌లో నెట్ ఊకె పోతున్నది." వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో తిరిగి సర్వీసు చేసేవాళ్లకు ఇది రోజూ వినే మాట. చాలాసార్లు రౌటర్ ఆపి మళ్లీ వేస్తే తీరిపోతుంది, లేదంటే ఫైబర్ తీగ ఎక్కడో మడతపడి ఉంటుంది. ఈ కేసులో నెట్ లైన్ బాగానే ఉంది. తిప్పలంతా మానిటర్‌కు పోయే కేబుల్ దగ్గర ఉంది.

ఐటీ సపోర్ట్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లకు నెట్‌వర్క్ ఒక పాఠం, డిస్‌ప్లే ఇంకో పాఠం. ఇన్‌స్టిట్యూట్‌లో విడివిడిగానే చెప్తారు, పరీక్షలో విడివిడిగానే అడుగుతారు. మనం రిపేరుకు పోయే చోట మాత్రం ఆ రెండూ బెత్తెడు జాగాలో పక్కపక్కనే పనిచేస్తుంటాయి. ఒకదాని వల్ల తేడా వస్తే ఇంకోదాని మీద కంప్లయింట్ రాస్తారు. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు ఈ కేసును అందుకే పూర్తిగా చెప్తుంటాను. ఇక్కడా అట్లాగే రాస్తున్నాను.

జాగా, సామాను

ఇల్లూ దుకాణమూ ఒకటే. రోడ్డు వైపు గదిలో దుకాణం, అందులో బిల్లింగ్ కంప్యూటర్, గోడకు ఫైబర్ కంపెనీవాళ్లు బిగించిన ఓఎన్‌టీ. ఫైబర్‌లో వచ్చే కాంతిని మామూలు నెట్‌వర్క్ సిగ్నల్‌గా మార్చే పెట్టె అది. అందులోంచే వైఫై కూడా వస్తుంది. ఈ ఓఎన్‌టీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఇచ్చే రకం, 5 గిగాహెర్ట్జ్ లేదు. దుకాణం వెనక మగ్గాల షెడ్డు, దాని వెనక చిన్న గదిలో డిజైన్ కంప్యూటర్.

వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఈ కుటుంబానికి ఇప్పుడు బయటి ఊళ్ల ఆర్డర్లు బాగానే ఉన్నాయి, ఎక్కువ భాగం ఫోన్‌లో ఫోటో చూసి ఇచ్చేవే. డిజైన్‌ను కంప్యూటర్‌లో గళ్ల గ్రాఫ్‌గా గీస్తారు. ఏ గడిలో ఏ రంగు నూలు పడాలో అందులో ఉంటుంది. ప్రింట్ తీసి మగ్గం దగ్గర పెడతారు. పని పెరిగిందని పాత చిన్న మానిటర్ తీసేసి 27 అంగుళాలది కొన్నారు. రిజల్యూషన్ 2560×1440. టేబుల్ మీద జాగా కలిసొస్తుందని మినీ పీసీని మానిటర్ వీపుకే ప్లేటు పెట్టి బిగించారు. మానిటర్‌తో వచ్చిన హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ పొడుగై వేలాడుతోందని, బజార్లో చవకగా దొరికిన జానెడు కేబుల్ వేశారు. వైఫై యాంటెన్నా మినీ పీసీ లోపలే ఉంటుంది. అంటే యాంటెన్నా, హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు, ఆ చవక కేబుల్ మూడూ అరచేతంత చోట్లో ఉన్నాయి. ముందువైపు మానిటర్ లోహపు ప్లేటు, వెనకవైపు గోడ.

డిజైన్ చేసే అబ్బాయి చెప్పిన మాట

తిప్పలు మొదలైంది కొత్త మానిటర్ వచ్చినప్పటి నుంచే. ఫైబర్ కంపెనీ మనిషి వచ్చి ఓఎన్‌టీ మార్చిపోయాడు, ఫలితం లేదు. తర్వాత ఇంకో టెక్నీషియన్ వచ్చి, గ్రాఫిక్స్ లోడ్ ఎక్కువైందని చెప్పి రిజల్యూషన్‌ను 1920×1080కి దించాడు. నెట్ మంచిగా నడిచింది, ఆయన డబ్బులు తీసుకుని వెళ్లాడు. మర్నాటికి మళ్లీ మొదలు.

మేం వెళ్లినప్పుడు డిజైన్ చేసే అబ్బాయి కొంచెం మొహమాటపడుతూనే చెప్పాడు. "అన్నా, నేను చెప్తె నవ్వుతరు గని, స్క్రీన్ పెద్ద సైజుల పెడితెనే నెట్ పోతది. తక్కువ చేస్తె మంచిగుంటది."

వాళ్ల పెదనాన్న ఒప్పుకోలేదు. "గట్లెట్లయితది సారూ? స్క్రీన్‌కు నెట్‌కు సంబంధమేంది? వీడు ఊకె సెట్టింగులు గెలుకుతడు, గందుకే గిట్లయితంది."

పెద్దాయన అన్నదే చాలామంది టెక్నీషియన్లూ అంటారు. నా లెక్కలో మాత్రం ఆ రోజు అక్కడ విన్న మాటల్లో అన్నిటికంటే విలువైనది ఆ అబ్బాయిదే. రోజంతా మెషీన్ ముందు కూర్చునే మనిషికి తప్పు ఎందుకు వస్తోందో తెలియకపోవచ్చు, ఎప్పుడు వస్తోందో తెలుస్తుంది. ఆ "ఎప్పుడు" మనకు ఏ టూల్‌లోనూ దొరకదు. అందుకే అతని మాటను అతను అన్నట్టే జాబ్ షీట్‌లో రాయించాను.

"తక్కువ చేసినంక మంచిగనే ఉండె కదా తమ్మీ, మళ్ల ఎందుకు పెంచినవ్?" అని అడిగాను.

"గ్రాఫ్ గీతలు ఒకటి లావు, ఒకటి సన్నం కనపడ్తన్నయన్నా. గళ్లు లెక్కపెట్టుకుంట పోతె నడుమ తప్పుతున్న."

ఎల్‌సీడీ ప్యానెల్‌లో పిక్సెళ్ల సంఖ్య ఫ్యాక్టరీలోనే ఖాయమవుతుంది. ఈ మానిటర్‌లో అడ్డంగా 2560, నిలువుగా 1440. అదే దాని నేటివ్ రిజల్యూషన్. 1920×1080 బొమ్మ పంపితే దాన్ని సాగదీసి ప్యానెల్ నిండా పరచాలి. 2560ని 1920తో భాగిస్తే 1.33 వస్తుంది. అంటే బొమ్మలోని ఒక పిక్సెల్ ప్యానెల్ మీద ఒకటీ మూడోవంతు పిక్సెళ్లలో సర్దుకోవాలి. ప్యానెల్ పిక్సెల్‌ను ముక్కలు చేయలేం కాబట్టి పక్కదానితో రంగు కలిపి సర్దుతారు. ఫోటోల్లో ఇది పెద్దగా తెలియదు. ఒక్క పిక్సెల్ మందం గీతలున్న గ్రాఫ్‌లో కళ్లకు కొట్టినట్టు తెలుస్తుంది: ఒక గీత నల్లగా సన్నగా, పక్కది బూడిదరంగులో లావుగా. గీతలు లెక్కపెట్టి బతికే పనికి ఆ స్క్రీన్ పనికిరాదు. పోయిన టెక్నీషియన్ నెట్ బాగుచేసి వాళ్ల పని చెడగొట్టాడన్నమాట. అబ్బాయి రిజల్యూషన్ మళ్లీ పెంచడం గెలుకుడు కాదు, అతని పనికి అది అవసరం.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయని ఎవరైనా అంటే రిజల్యూషన్ తగ్గించి ఇచ్చేయడం మన దగ్గర బాగా అలవాటు. అది మానేయాలి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో స్కేల్ అని వేరే ఉంటుంది. దాన్ని 125 శాతమో 150 శాతమో పెడితే అక్షరాలు పెరుగుతాయి, సిగ్నల్ నేటివ్‌లోనే ఉంటుంది, గీతలు చెడవు.

ముందు నెట్ వైపు నుంచి

అబ్బాయి మాట నమ్మదగ్గదే అయినా, రుజువు లేకుండా దాని వెంట పడకూడదు. మామూలు వరుసలోనే మొదలుపెట్టాం.

తప్పు ఎంతమందికి ఉంది? బిల్లింగ్ కంప్యూటర్ కేబుల్ మీద ఉంది, దానికి ఏ ఇబ్బందీ లేదు. డిజైన్ గదిలోనే నిలబడి ఫోన్‌లో అదే వైఫై మీద వీడియో పెడితే ఆగకుండా నడిచింది. అంటే తప్పు ఈ ఒక్క మెషీన్‌దే. ఈ ప్రశ్న అడగడానికి రెండు నిమిషాలు పట్టదు, అడిగి ఉంటే ఓఎన్‌టీ మార్చాల్సిన పనే ఉండేది కాదు.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో, మెషీన్‌కు వచ్చిన నెట్‌వర్క్ అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్. ఐపీ అడ్రస్ 192.168.1తో మొదలవుతోంది, బయటికి పోయే దారి, అంటే గేట్‌వే, 192.168.1.1. అది ఓఎన్‌టీదే. అడ్రస్ సక్రమంగానే వచ్చింది. ఒకవేళ అక్కడ 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ దగ్గర నుంచి జవాబు రాక విండోస్ తనకు తానే ఒక నంబర్ పెట్టుకుందని అర్థం. అప్పుడు మనం వెతకాల్సిన దారి వేరు.

ఇక పింగ్, అంటే అవతలి పరికరానికి చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడడం. కొత్త పిల్లలు ముందు స్పీడ్ టెస్ట్ తెరుస్తారు. నేను తెరవనివ్వను. స్పీడ్ టెస్ట్‌లో మెషీన్, వైఫై, ఫైబర్, అవతలి సర్వర్ అన్నీ కలిసిపోయి ఒక్క నంబర్ వస్తుంది. తప్పు వీటిలో దేనిదో ఆ నంబర్ చెప్పదు. పింగ్‌ను దగ్గర నుంచి దూరానికి కొడుతూ పోవాలి: ముందు గేట్‌వే, అది బాగుంటే బయట గూగుల్ సర్వర్ 8.8.8.8, అదీ బాగుంటే ఏదైనా వెబ్‌సైట్ పేరు. గేట్‌వే దగ్గరే తడబడితే మిగతావి చూడనక్కర్లేదు. అడ్రస్‌కు పింగ్ పోయి పేరుకు పోకపోతే, పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ సంగతి చూడాలి.

ఇక్కడ గేట్‌వే దగ్గరే తడబడింది. ఒకే గోడల మధ్య ఉన్న ఓఎన్‌టీకి వైఫైలో పింగ్ రెండు మూడు మిల్లీసెకన్లలో తిరిగి రావాలి. మాకు ఒకటి నాలుగు, ఇంకోటి రెండు వందలు, ఆ తర్వాతది తొమ్మిది వందలు, ఆపైన వరసగా "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". కాసేపు బాగుండి మళ్లీ అదే. తప్పు మినీ పీసీకీ ఓఎన్‌టీకీ నడుమ గాలిలోనే ఉందని తేలిపోయింది. ఫైబర్ కంపెనీతో మనకు ఇక పనిలేదు.

తర్వాత చూసింది వైఫై వివరాలు. విండోస్‌లో నెట్‌ష్ (netsh) కమాండ్‌తో వైఫై (wlan) ఇంటర్‌ఫేస్ సమాచారం అడిగితే ఛానెల్ (బ్యాండులో వైఫై వాడుకునే ముక్క), సిగ్నల్ శాతం, రిసీవ్ రేటు వస్తాయి. సిగ్నల్ 80 శాతం పైనే ఉంది, స్క్రీన్ మూలన గీతలన్నీ నిండుగా ఉన్నాయి. కానీ 72 ఎంబీపీఎస్ ఉండాల్సిన రేటు 6.5కి పడిపోతోంది. ఛానెల్ 1.

సిగ్నల్ నిండుగా ఉండి రేటు పడిపోవడం ఈ కేసులో రెండో పెద్ద ఆధారం. ఆ శాతం ఓఎన్‌టీ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందో చెప్తుంది, చుట్టూ ఎంత రొద ఉందో చెప్పదు. బరాత్‌లో బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడితే అవతలివాళ్లు ఎంత గట్టిగా అరిచినా మాట అర్థం కానట్టే ఇదీ. అడాప్టర్ రొదలో మాట పోగొట్టుకుని, మళ్లీ మళ్లీ అడిగి, చివరికి నెమ్మదిగా మాట్లాడే పద్ధతికి దిగుతుంది. అదే ఆ 6.5. రొద ఇంకా పెరిగితే కనెక్షనే తెగిపోతుంది.

మినీ పీసీ మూత కూడా తీసి చూశాం. మగ్గాల షెడ్డు పక్కనే కాబట్టి ఫ్యాన్ రెక్కల మీద నూలు దుమ్ము దూదిలా అల్లుకుపోయి ఉంది. శుభ్రం చేశాం, వేడి తగ్గింది, పింగ్‌లో తేడా రాలేదు. డ్రైవర్ అప్‌డేట్ కూడా అంతే.

మాటను పరీక్షకు పెట్టడం

రొద ఉంది, ఎక్కడి నుంచో తేలాలి. ఇప్పుడు అబ్బాయి మాట దగ్గరికి వచ్చాం. రిజల్యూషన్ తగ్గిస్తే తప్పు పోతోందంటే, ఆ తగ్గించడంలో నిజంగా ఏం మారుతోందో చూడాలి.

ఇక్కడ కొత్తవాళ్లు తేలిగ్గా మోసపోయే చోటు ఒకటుంది. విండోస్‌లో రిజల్యూషన్ 1920×1080 అని పెట్టగానే కేబుల్‌లో పోయే సిగ్నల్ కూడా 1920×1080 అయిపోతుందని అనుకోకూడదు. కొన్ని మెషీన్లలో గ్రాఫిక్స్ చిప్పే బొమ్మను సాగదీసి, కేబుల్‌లోకి 2560×1440 సిగ్నల్‌నే పంపుతుంది. అట్లాంటి చోట పరీక్ష చేస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో డెస్క్‌టాప్ రిజల్యూషన్ వేరు, యాక్టివ్ సిగ్నల్ రిజల్యూషన్ వేరు చూపిస్తుంది. రెండోది చూడాలి. అంతకంటే గట్టి సాక్ష్యం మానిటర్ బటన్ నొక్కితే వచ్చే మెనూలో ఉంటుంది, తనకు చేరుతున్న సిగ్నల్ ఏదో మానిటరే చెప్తుంది. అందులో 1920×1080, 60 హెర్ట్జ్ అని కనిపించాకే మేం పింగ్ మొదలుపెట్టాం.

పింగ్ శుభ్రంగా వచ్చింది. మూడు, రెండు, మూడు, రెండు. రిజల్యూషన్ 2560×1440కి పెంచగానే చిందరవందర. తగ్గించగానే శుభ్రం. మా పిల్లగాడి కళ్లు పెద్దవయ్యాయి, పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

ఇది చాలదు. రిజల్యూషన్ పెరిగితే ప్రాసెసర్ మీద, గ్రాఫిక్స్ మీద కూడా బరువు పెరుగుతుంది. పోయిన టెక్నీషియన్ అన్న "లోడ్" మాటను కూడా విడిగా తేల్చాలి. అందుకని 2560×1440లోనే ఉంచి, పింగ్ ఫలితం ఒక ఫైల్‌లోకి పోయేలా పెట్టి, కాసేపయ్యాక మినీ పీసీ వైపు హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ పీకేశాం. టీ తాగేంతసేపు అట్లాగే వదిలి మళ్లీ పెట్టాం. ఫైల్ తెరిచి చూస్తే మొదట చిందరవందర, నడుమ వరుసలన్నీ శుభ్రం, చివర మళ్లీ చిందరవందర. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ అంతసేపూ దాదాపు ఖాళీగానే ఉంది. లోడ్ కథ అక్కడితో అయిపోయింది. కేబుల్‌లో సిగ్నల్ పారుతున్నప్పుడే రొద వస్తోంది.

చివరిగా ఇంకొక్క మార్పు. కేబుల్, రిజల్యూషన్ అట్లాగే ఉంచి, ఓఎన్‌టీ సెట్టింగుల్లో వైఫై ఛానెల్‌ను 1 నుంచి 11కి మార్చాం. 2560×1440లో కూడా పింగ్ శుభ్రంగా వచ్చింది. మళ్లీ 1కి తెస్తే పోయింది.

నేను ఈ దశ దాటకుండా ఏ కేసూ మూసేయనివ్వను. తప్పును మన చేత్తో రప్పించి, మన చేత్తో పోగొట్టగలిగితేనే కారణం దొరికినట్టు. ఊరికే బాగైపోయింది అంటే రేపు ఊరికే పాడవుతుంది.

లెక్క ఎట్లా కుదిరిందంటే

1920×1080 బొమ్మను 60 హెర్ట్జ్‌లో పంపేటప్పుడు కేబుల్‌లో పోయేది కనిపించే పిక్సెళ్లు మాత్రమే కావు. వరుసకూ వరుసకూ నడుమ, ఫ్రేముకూ ఫ్రేముకూ నడుమ కొంత ఖాళీ వదులుతారు. ఆ ఖాళీతో కలిపి అడ్డం 2200, నిలువు 1125. 2200×1125×60 చేస్తే సెకనుకు 14 కోట్ల 85 లక్షలు, అంటే 148.5 మెగాహెర్ట్జ్. దీన్నే పిక్సెల్ క్లాక్ అంటారు. 2560×1440కి మానిటర్లు వాడే టైమింగ్‌లో ఖాళీతో కలిపి 2720×1481, సెకనుకు దాదాపు 60 ఫ్రేములు. పిక్సెల్ క్లాక్ 241.5 మెగాహెర్ట్జ్ అవుతుంది. మొదటి తరం హెచ్‌డీఎమ్‌ఐకి హద్దు 165 మెగాహెర్ట్జ్. 2006లో వచ్చిన 1.3 వెర్షన్‌తో అది 340కి పెరిగింది. అందుకే పాత పోర్టులున్న కొన్ని మెషీన్లలో 2560×1440 అసలు ఆప్షన్లలోనే కనిపించదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ డిజిటల్ క్లాక్ అయినా తన ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కచోటే ఉండదు, దాని రెట్టింపులు, మూడింతలు, పదింతల దగ్గర కూడా కొంత శక్తి పుడుతుంది. వీటినే హార్మోనిక్స్ అంటారు. 241.5కి పదింతలు 2415 మెగాహెర్ట్జ్. హెచ్‌డీఎమ్‌ఐలో డేటా పోయే ఒక్కో తీగల జత పిక్సెల్ క్లాక్‌కు పదింతల వేగంతోనే బిట్లు పంపుతుంది కాబట్టి అక్కడ కూడా అదే 2415 నంబర్ వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఛానెల్ 1 నడుమ 2412 మెగాహెర్ట్జ్, అటూ ఇటూ కలిపి 2401 నుంచి 2423 దాకా. 2415 సరిగ్గా దాని కడుపులో పడింది. ఛానెల్ 11 నడుమ 2462, అక్కడికి ఈ రొద చేరదు. ఇక 148.5ను 16తో గుణిస్తే 2376, 17తో గుణిస్తే 2524.5. ఒకటి వైఫై బ్యాండుకు కింద, ఇంకోటి పైన. 1920×1080లో నెట్ ఎందుకు మంచిగుందో దీంతో తేలింది.

కాగితం మీద ఈ గుణకారం వేసి చూపించినప్పుడు డిజైన్ అబ్బాయి ముఖం చూడాలి. ఇన్ని రోజులు ఇంట్లో అందరూ తననే అంటున్నారు మరి.

ఇది ఈ ఒక్క మినీ పీసీకే వచ్చిన జబ్బు కూడా కాదు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు 2019లో మార్కెట్లోకి వచ్చాక, సరిగ్గా ఇదే 2560×1440 దగ్గర వైఫై పోతున్నదని ఆ ఏడాది చివర్లో చాలామంది వాడకందార్లు గుర్తించారు.

మరి అదే గదిలో ఫోన్‌కు ఎందుకు రాలేదని మా పిల్లగాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఈ రొద బలం చాలా తక్కువ, దూరం పెరిగేకొద్దీ గబగబా తగ్గిపోతుంది. ఫోన్ చేతిలో నాలుగడుగుల దూరంలో ఉంది, మినీ పీసీ యాంటెన్నాకు బెత్తెడు కూడా లేదు. నోటితో చెప్పడమెందుకని ఫోన్‌లో పింగ్ యాప్ వేసి, ఫోన్‌ను తీసుకెళ్లి మానిటర్ వెనక ఆ కేబుల్‌ను ఆనించి పట్టుకున్నాం. ఛానెల్ 1, 2560×1440. ఫోన్ కూడా తడబడింది. బయటికి తీస్తే సర్దుకుంది.

ఏం చేసి వచ్చాం

ఛానెల్ మార్చి వచ్చేస్తే ఆ రోజుకు పని అయిపోయేది. నాకు అది సరిపోయినట్టు అనిపించలేదు. ఇరుకు గల్లీలో ఇంటికో రౌటర్, 2.4 బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడకుండా నిలిచే ఛానెళ్లు 1, 6, 11 మూడే. ఈ రోజు ఖాళీగా ఉన్న 11 రేపు నిండిపోవచ్చు. పైగా ఓఎన్‌టీ ఆటోలో ఉంటే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తనకు నచ్చిన ఛానెల్‌కు పోతుంది. తప్పు కాసేపు వచ్చి కాసేపు పోవడానికి అది కూడా ఒక కారణమే. 11 మీద ఖాయంగా పెట్టాం, పెట్టె మీద చీటీ అతికించాం, కంపెనీ మనిషి రీసెట్ చేస్తే మళ్లీ పెట్టుకోవాలని.

కేబుల్ మార్చడం రెండో పని. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్స్‌లో ప్రీమియం సర్టిఫైడ్ అనే రకానికి, వైఫై లాంటి వాటికి అడ్డు తగిలేంత రొద బయటికి వదులుతుందా అన్న పరీక్ష కూడా ఉంటుంది. ప్యాకెట్ మీద స్కాన్ చేసి చూసుకునే లేబుల్ ఉంటుంది. చవక కేబుల్‌లో, రొద బయటికి రాకుండా ఆపే లోపలి జల్లెడ తీగను కనెక్టర్ లోహానికి సరిగా కలపరు, అక్కడి నుంచే కారుతుంది. కొత్త కేబుల్ వేసి, పరీక్ష కోసం మళ్లీ ఛానెల్ 1లో చూశాం. చాలా వరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. మినీ పీసీ పోర్టు దగ్గర నుంచి కూడా కొంత వస్తోందన్నమాట.

అందుకే డిజైన్ కంప్యూటర్‌ను వైఫై నుంచి తప్పించి దుకాణం నుంచి క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ లాగాం. కదలకుండా ఒకేచోట ఉండే మెషీన్‌కు వైఫై ఎందుకన్నది నా అభిప్రాయం, దీంట్లో నేను ఎవరితోనైనా వాదిస్తాను. పూర్తి రాగి తీగ కేబులే తీసుకోవాలి. అల్యూమినియం మీద రాగి పూత ఉన్నది సగం ధరకు దొరుకుతుంది, వంపుల దగ్గర విరుగుతుంది, రెసిస్టెన్స్ ఎక్కువ. ఈథర్నెట్‌కు 100 మీటర్ల హద్దు, ఇక్కడ దానికి చాలా లోపలే. మగ్గాల షెడ్డు మీదుగా కరెంటు పైపుకు దూరంగా కేసింగ్‌లో తెచ్చాం, కరెంటు వైరును దాటాల్సిన ఒకచోట అడ్డంగా దాటించాం. రెండు కొనలా ఒకే వరుస: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ.

కేబుల్ పెట్టగానే లింక్ స్పీడ్ 100 ఎంబీపీఎస్ చూపించింది. 100కి రెండు జతలు చాలు, 1000కి నాలుగు జతలూ కావాలి. అందుకే 100 కనిపిస్తే ముందు క్రింపింగ్ (తీగల కొనకు కనెక్టర్ బిగించడం) మీద అనుమానం వస్తుంది, పిల్లగాడు కనెక్టర్ కోయడానికి కట్టర్ తీశాడు. ఆగమన్నాను. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. కొన్ని ఓఎన్‌టీల్లో ఒక పోర్టే గిగాబిట్, మిగతావి 100వే. మేం పెట్టింది మూడో పోర్టులో. మొదటి పోర్టులోకి మార్చగానే 1000 వచ్చింది. అందులో అంతవరకు ఉన్న బిల్లింగ్ కంప్యూటర్‌కు 100 బాగా సరిపోతుంది, పోర్టులు అదలబదల చేసేశాం.

మౌస్ సంగతి కూడా ఉంది. వైర్‌లెస్ మౌస్ అప్పుడప్పుడు పట్టుకుంటోందని అబ్బాయి అన్నాడు. అదీ ఈ హెచ్‌డీఎమ్‌ఐ వల్లేనా అని చూస్తే కాదు, బ్యాకప్ హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడు మాత్రమే వస్తోంది. యూఎస్‌బీ 3.0 పరికరాల రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరంగా రాసింది. డిస్క్, మౌస్ రిసీవర్ పక్కపక్క పోర్టుల్లో ఉన్నాయి. రిసీవర్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో టేబుల్ మీదికి తెచ్చాం, ఆగింది. ఒక కారణం దొరికింది కదా అని కనిపించిన ప్రతి తప్పునూ దాని ఖాతాలో వేయకూడదు.

బయల్దేరే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి మిగిలింది. బిల్లింగ్ కంప్యూటర్ నుంచి పెద్దాయన డిజైన్ ఫోటోలు తెరిచే షార్ట్‌కట్, డిజైన్ కంప్యూటర్ ఐపీ అడ్రస్ మీద కట్టి ఉంది. వైఫై అడాప్టర్‌కు ఒక మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు నంబర్), కేబుల్ పోర్టుకు ఇంకో మ్యాక్ అడ్రస్ ఉంటాయి. డీహెచ్‌సీపీకి అవి రెండు వేర్వేరు పరికరాల కిందే లెక్క, కాబట్టి కొత్త ఐపీ ఇచ్చేసింది. అట్లాగే వదిలేసి వస్తే తెల్లారి షట్టర్ తీయగానే, ఫోటోలు వస్తలేవని ఫోన్ వచ్చేది. ఓఎన్‌టీలో కేబుల్ పోర్టు మ్యాక్ అడ్రస్‌కు ఒక ఐపీని రిజర్వ్ చేసి, షార్ట్‌కట్‌ను దానికి మార్చి, డిజైన్ కంప్యూటర్‌లో వైఫై ఆఫ్ చేశాం. పెద్దాయన ఒక జంపఖానా ఫోటో తెరిచి, పక్కదీ తెరిచి, ఆ పక్కదీ తెరిచి చూశాక బిల్లు రాయమన్నాడు.